మర్రి వరుసల పక్కన నాలుగు వరుసలు

హైదరాబాద్‌కు పడమట అప్పా కూడలి దాటితే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్లు మొదలవుతాయి. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ జిల్లా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా రోడ్డుకు రెండు పక్కలా నిలబడిన మర్రులు 900కు పైనే ఉంటాయి. నిజాం కాలంలో నాటినవని చెబుతారు. చాలాచోట్ల ఇటు కొమ్మలు, అటు కొమ్మలు రోడ్డు నడినెత్తిన కలుసుకున్నాయి. ఆ నీడ కిందినుంచే తాండూరు నాపరాళ్ళ లారీలు వస్తాయి. సిమెంటు ట్యాంకర్లు, కంకర టిప్పర్లు, చేవెళ్ల టమాటాలు, పూలు వేసుకున్న ఆటోట్రాలీలు, ఆర్టీసీ బస్సులు, ఆదివారమైతే అనంతగిరి కొండలకు పోయే కార్లు, అన్నీ అదే దారిన, రెండే వరుసల మీద నడుస్తాయి.

163వ నంబరు జాతీయ రహదారిలో భాగమైన ఈ ముక్కను నాలుగు వరుసలు చేయాలని నిర్ణయం జరిగి చాలాకాలమైంది. విస్తరణ వద్దన్నవాళ్ళు దాదాపుగా ఎవరూ లేరు. పేచీ అంతా గీత దగ్గరే వచ్చింది. కొత్త రెండు వరుసలు ఎటువైపు పడాలి? చెట్లు కొట్టి ఉన్న రోడ్డునే రెండు వైపులా పెంచాలా, ఒక పక్కకే జరగాలా, ఊళ్ళను వదిలి పొలాల్లోంచి బైపాస్ తీయాలా? రహదారి ఇంజనీర్లు దీన్నే అలైన్‌మెంట్ ఎంపిక అంటారు. ఇందులో భౌతికశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, భూమి చట్టం ఉంది. ఎవరి మాట ఎప్పుడు విన్నారన్న సంగతీ ఉంది. ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఈ చివరిదే.

రోడ్డు చాలదని తేల్చేది వాహనాల లెక్క. సర్వే బృందం వారం రోజులపాటు రాత్రింబవళ్ళు రోడ్డు పక్కన కూర్చుని వచ్చే పోయే బండ్లను రకాలవారీగా రాసుకుంటుంది. అన్ని బండ్లూ రోడ్డును ఒకేలా వాడుకోవు కాబట్టి, ప్రతిదాన్నీ కార్లలోకి మార్చి కూడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టిక ప్రకారం మోటార్ సైకిల్ అర కారుతో సమానం. బస్సు లేదా లారీ మూడు కార్లు, ట్రైలరున్న ట్రాక్టరు నాలుగున్నర కార్లు. ఎడ్లబండి ఏకంగా ఎనిమిది కార్లు, ఎందుకంటే దాని వెనక అంత బారు ఆగిపోతుంది. అదే ప్రమాణాల్లో మైదాన ప్రాంతపు రెండు వరుసల రోడ్డుకు రోజుకు 15,000 కార్ల సమానం వరకు మోయగల శక్తి ఉందని రాసుకున్నారు. అది దాటితే నాలుగు వరుసల మాట మొదలవుతుంది.

ఈ పట్టికలో ఒక ఖాళీ ఉంది. రోడ్డు దాటే మనిషికి అందులో అంకె లేదు. బడి వదిలాక అవతలి వైపుకు పరిగెత్తే పిల్లలు, మేకలను తోలుకొచ్చే ముసలివాళ్ళు, పొద్దున్నే రోడ్డు వారన కూరగాయల గంపలు దించుకునే ఆడవాళ్ళు రోడ్డును వాడుకునేవాళ్ళే. అయినా వాళ్ళు వాహనాల లెక్కలోకి రారు. 2024 డిసెంబరులో చేవెళ్ల మండలం ఆలూరు గేటు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ళ మీదికి లారీ దూసుకొచ్చి ప్రాణాలు తీసింది.

రెండు వరుసల రోడ్డు ఎందుకంత ప్రమాదకరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ముందు ఏదైనా అడ్డొస్తే, డ్రైవరు చూసి, బ్రేకు తొక్కి, బండి ఆగేసరికి 120 మీటర్లు కావాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అదే వేగంలో ముందున్న లారీని దాటి క్షేమంగా తన వరుసలోకి రావాలంటే ఎదుటి రోడ్డు 470 మీటర్ల మేర కనిపించాలి. ఎదురుగా వచ్చే బండి కూడా ఈలోపు దగ్గరవుతూ ఉంటుంది కాబట్టే అంత దూరం. మలుపులు, చెట్ల మొదళ్ళు, వెలుగునీడలు ఉన్న రోడ్డు మీద అరకిలోమీటరు చూపు దొరికే చోట్లు కొన్నే. దొరకని చోట కూడా, నాపరాళ్ళ లారీ వెనక పది నిమిషాలు ఇరుక్కున్న డ్రైవరు తెగిస్తాడు. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు ఈ ఎదురెదురు ఢీలను చాలావరకు లేకుండా చేస్తుంది. దాని అసలు లాభం అదే. ప్రయాణంలో మిగిలే నిమిషాలు ఆ తరవాతివి.

2025 నవంబరు 3 ఉదయం ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు. విస్తరణ ఇన్నేళ్ళు ఎందుకు ఆగిందని జనం రోడ్డెక్కారు. చెట్ల కోసం మనుషులను బలిపెట్టారన్న మాటా వినిపించింది. చెట్టా మనిషా అన్న ఆ ప్రశ్న కోపంలోంచి పుట్టింది, ఆ కోపం న్యాయమైనది. అయితే లెక్కలు కాస్త దగ్గరగా చూస్తే ప్రశ్నే వేరుగా కనిపిస్తుంది.

ముందుగా, చెట్టును తప్పించి రోడ్డు ఎందుకు వంకర తీయలేరో చూద్దాం. మలుపులో బండిని బయటికి నెట్టే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. టైరు, తారు మధ్య రాపిడి దాన్ని కొంత ఆపుతుంది. మలుపు బయటి అంచును ఎత్తు చేసి ఇంజనీర్లు ఇంకొంత ఆపుతారు. ఈ రెండూ కలిపినా ఒక హద్దుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి గీసే రోడ్డులో మలుపు వ్యాసార్ధం 360 మీటర్లకు తగ్గకూడదు. 80కి అయితే 230 మీటర్లు చాలు. వేగం అయిదో వంతు తగ్గిస్తే వ్యాసార్ధం మూడో వంతుకు పైగా తగ్గుతుందన్నమాట.

ఇప్పుడు 360 మీటర్ల వ్యాసార్ధంతో రోడ్డును 20 మీటర్లు పక్కకు జరపాలనుకోండి. ఒక మలుపు, దానికి ఎదురు మలుపు కలిపి కనీసం 170 మీటర్ల పొడవు పడుతుంది. మళ్ళీ పాత గీత మీదికి రావడానికి ఇంకో 170. సాఫీగా ఉండటానికి మధ్యలో చేర్చే పరివర్తన వంపులు ఈ లెక్కకు అదనం. కిలోమీటరుకు సగటున 20 మర్రులున్న దారిలో ఈ 340 మీటర్లలో ఏడు చెట్లు వస్తాయి. అంటే ఒక చెట్టును తప్పించబోతే ఇంకో చెట్టు తగులుతుంది. చెట్టు చెట్టుకూ వంకర తీయడం కుదరని పని. వరుస మొత్తాన్ని వదిలి అవతలికి పోవడం మాత్రం కుదురుతుంది. పాత రోడ్డును, దాని మర్రులను అలాగే ఉంచి ఒక దిక్కు ప్రయాణానికి వాడుకోవాలి. చెట్ల వరుసకు ఆవల కొత్త రెండు వరుసలు వేసి ఎదురు దిక్కుకు ఇవ్వాలి. నడుమ మిగిలిన మర్రి వరుసే డివైడర్ అవుతుంది. చెట్లను ప్రేమించేవాళ్ళు మొదటినుంచీ అడిగింది ఇలాంటిదే. ఇంజనీరింగ్‌లో ఒక పక్కకు విస్తరించడమన్నది కొత్త విద్యేమీ కాదు.

దీనికీ ఖరీదుంది, దాన్ని దాచకూడదు. రోడ్డు అంచున పెద్ద మొదలున్న చెట్టు ప్రమాదకరమే. అదుపు తప్పిన కారు మర్రి మొదలును తాకితే చెట్టు కదలదు, శక్తినంతా కారు మింగుకోవాలి. ఆ శక్తి కూడా వేగపు వర్గంతో పెరిగేదే. అందుకని చెట్లున్న చోట క్రాష్ బారియర్లు వేయాలి, మొదళ్ళకు వెలుగును తిప్పికొట్టే గుర్తులు పెట్టాలి, వేగం తగ్గించాలి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 46 కిలోమీటర్లను గంటకు 100 వేగంతో దాటడానికి, 80 వేగంతో దాటడానికి తేడా ఏడు నిమిషాలు. చెట్లకూ మనుషులకూ కూడా ఆ ఏడు నిమిషాలు ఇవ్వడం మంచి బేరమే.

మర్రిని వేరేచోటికి తరలించి నాటితే సరిపోదా అని అడుగుతారు. మర్రి మొండిది, కొమ్మ పాతినా వేరు పడుతుంది. తరలింపును తట్టుకునే చెట్లలో అదొకటి. అయితే లారీ మీద ఎక్కించాలంటే కొమ్మలన్నీ కోయాలి, ఊడలు తెగ్గొట్టాలి, వేళ్ళను ఒక ముద్దంత మేర ఉంచి మిగిలినవి నరకాలి. కొత్త చోట నిలిచేది మోడు. దానికి కొన్నేళ్ళ పాటు నీళ్ళు, చెదల మందు, కాపలా కావాలి. కాంట్రాక్టు ముగిశాక ఆ నీళ్ళు ఎవరు పోస్తారన్నది కాగితం మీద రాసి ఉండాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి మందు ఎక్కించారు. ఉన్నచోటే ఉన్న ముసలి మర్రిని కాపాడుకోవడానికే అన్ని పాట్లు పడ్డాం.

పైగా ఈ వరుసకు విడి చెట్టుకు లేని గుణం ఒకటుంది. మర్రిపండు నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆ పూలను పరాగసంపర్కం చేసేది ఒక బుల్లి కందిరీగ జాతి మాత్రమే. పెద్దదై బయటికి వచ్చిన ఆడ కందిరీగ ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఆలోపు సరైన దశలో కాయలున్న ఇంకో మర్రిని అది చేరుకోవాలి. మర్రులన్నీ ఒకేసారి కాయవు, ఒక్కోటి ఒక్కో సమయంలో కాస్తుంది. అందువల్ల దగ్గర దగ్గరగా వందల చెట్లు ఉంటేనే ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట కందిరీగకు ఇల్లు, పక్షికి పండు దొరుకుతాయి. ఎండాకాలంలో చుట్టుపక్కల ఇంకేమీ కాయనప్పుడు గోరింకలు, కోయిలలు, కంసాలి పిట్టలు, రాత్రయితే గబ్బిలాలు ఈ వరుస మీదే బతుకుతాయి. సగం చెట్లు తీసేస్తే సగం నష్టంతో ఆగదు. కాయలు దొరికే కాలాల మధ్య ఖాళీలు పడతాయి.

మరి బైపాస్? మొయినాబాద్, చేవెళ్ల ఊళ్ళ దగ్గర బైపాస్‌లు ఈ ప్రతిపాదనలో ఉన్నాయి. బజారు నడుమ నాలుగు వరుసలు తీసుకుపోవడం కంటే అది నయమే. కాకపోతే చెట్టు దక్కిన చోట పొలం పోతుంది. 60 మీటర్ల వెడల్పున భూమి తీసుకుంటే కిలోమీటరుకు దాదాపు 15 ఎకరాలు. నాలుగెకరాల చదరపు కమతం మధ్యగా ఆ పట్టీ పోయిందంటే ఇంచుమించు ఎకరం ముప్ఫయ్యారు గుంటలు రోడ్డు కిందికి వెళ్ళి, అటో ఎకరం, ఇటో ఎకరం మిగులుతాయి. బోరు ఒక పక్క, కూరగాయల మడి ఇంకో పక్క పడతాయి. నాలుగు వరుసల అవతలికి ట్రాక్టరు తీసుకుపోవాలంటే అండర్‌పాస్ ఎక్కడుంటే అక్కడికి చుట్టి రావాలి. 2013 భూసేకరణ చట్టం పరిహారాన్ని పెంచి, దానిపై నూరు శాతం సొలేషియం (అదనపు ఊరట సొమ్ము) ఇచ్చింది. అయినా నగరం అంచున రిజిస్ట్రేషన్ విలువకూ బయట పలికే ధరకూ పొంతన ఉండదు. రైతు గోడు అక్కడిది.

ఇక్కడ ఇంకో పరిమితి కూడా ఉంది. మొయినాబాద్ దగ్గర ఈ రోడ్డు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల మధ్యగా పోతుంది. వాటి పరీవాహకాన్ని కాపాడటానికే 1996లో 84 గ్రామాలకు వర్తించే 111 జీవో తెచ్చారు. అలాంటి చోటా బైపాస్ వేసిన కొన్నేళ్ళకు దాని అంచున దాబాలు, గోదాములు, వెంచర్లు లేస్తాయి. ఊరు రోడ్డు దగ్గరికి నడిచొస్తుంది. జంక్షన్లను, సర్వీసు రోడ్లను మొదటే కట్టడి చేయకపోతే పదిహేనేళ్ళకు ఆ బైపాస్‌కు ఇంకో బైపాస్ కావాలంటారు.

ఇన్ని విషయాలను ఒక్క గీతలోకి ఎలా తేవాలో అమెరికాలో ఇయాన్ మెక్‌హార్గ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ 1960ల్లో చూపించాడు. న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లో రిచ్‌మండ్ పార్క్‌వే అనే రోడ్డుకు దారి వెతకాల్సి వచ్చింది. వాలు, నేల, నీరు, అడవి, చారిత్రక స్థలాలు, ఇళ్ళ విలువ, ఇలా ఒక్కో అంశానికి ఒక్కో పారదర్శక పటం గీయించాడు. ఎక్కడ నష్టం ఎక్కువో అక్కడ రంగు ముదురుగా ఉంటుంది. అన్ని పటాలనూ ఒకదానిమీద ఒకటి పరిస్తే లేత రంగు మిగిలిన చోటే తక్కువ నష్టపు దారి. 1969లో ఆ పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. భూమిని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ప్రతి గడికీ ఒక ఖరీదు వేస్తే, నీళ్ళు పల్లం వెతుక్కున్నట్టు అది చవకైన గళ్ళ వెంట గీత గీసుకుంటూ పోతుంది.

గడి ఖరీదు నిర్ణయించేది మాత్రం మనిషే. మర్రికి సున్నా వేస్తే గీత మర్రి మీదుగా పోతుంది. బోరుకు సున్నా వేస్తే బోరు మీదుగా పోతుంది. పశ్చిమబెంగాల్ జెస్సోర్ రోడ్డు మీద రైల్వే వంతెనల కోసం 300కు పైగా ముసలి చెట్లు కొట్టాలన్న కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘం ఒక చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయల విలువ కట్టింది. అందులో పెద్ద వాటా ఆక్సిజన్‌ది. ఆ వాదన బలహీనమైనది, ఎందుకంటే ఊపిరికి కావలసిన ఆక్సిజన్ గాలిలో పుష్కలంగా ఉంది. నీడకూ, పక్షులకూ, నేల కిందికి ఇంకే నీటికీ ఇంకా గట్టి లెక్కలు వేయొచ్చు. ఏమైనా చెట్టు విలువ సున్నా కాదని అత్యున్నత న్యాయస్థానం ముందు ఒక అంకె వచ్చి నిలబడింది. 2023లో ఆ చెట్లు కొట్టడానికి కోర్టు అనుమతించింది. అంకె ఉన్నంత మాత్రాన చెట్టు నిలవదు.

ప్రత్యామ్నాయాలను సరిగా తూచకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ కథ చెబుతుంది. ఆ రాతి కట్టడం పక్కనుంచి పోయే ఏ303 రోడ్డును విస్తరించడానికి దశాబ్దాలుగా దారులు గీస్తూనే ఉన్నారు. చివరికి దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగం ఎంచుకుని 2020లో ప్రభుత్వం అనుమతిచ్చింది. ఇతర దారులను మంత్రి తగినంతగా పరిశీలించలేదని 2021లో హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. 2023లో మళ్ళీ అనుమతి వచ్చింది, 2024 జూలైలో కొత్త ప్రభుత్వం డబ్బు లేదంటూ పథకాన్నే రద్దు చేసింది. సెలవు రోజుల్లో ఆ రోడ్డు మీద బండ్లు ఇప్పటికీ బారులు తీరుతున్నాయి.

మన దగ్గర దారులను తూచే పని ఎక్కడ జారిపోయిందో చెప్పడానికి ఒక నిబంధన చాలు. 2013 ఆగస్టులో కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను సవరించింది. జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటితేనే, అదీ ఉన్న దారిలో అదనంగా 40 మీటర్లకు మించి, కొత్త దారిలో 60 మీటర్లకు మించి భూమి తీసుకుంటేనే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలంది. అంతకుముందు 30 కిలోమీటర్లకే ఆ షరతు ఉండేది. 46 కిలోమీటర్ల చేవెళ్ల రోడ్డు అలా జల్లెడలోంచి జారిపోయింది. ప్రభావ అంచనా లేకపోతే ఊళ్ళో బహిరంగ విచారణ కూడా ఉండదు. మిగిలేది జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకుంటామని చెప్పే 3ఎ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకిచ్చే 21 రోజులు. అప్పటికి డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) పూర్తవుతుంది, గీత గీసేసి ఉంటుంది, సర్వే నంబర్లు అచ్చయి ఉంటాయి. రైతు తన సర్వే నంబరు గురించి మాట్లాడగలడు. చెట్టుకు సర్వే నంబరు లేదు.

అందుకే ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్ళారు. పర్యావరణ ప్రభావాన్ని అధ్యయనం చేయకుండా కదలొద్దని ట్రైబ్యునల్ చెప్పింది. మొదట చేయాల్సిన పని చివరికొచ్చి పడింది. చర్చలు నడిచాయి, నమూనా మారింది. సుమారు 150 చెట్లను తరలించి, 760కి పైగా మర్రులను ఉన్నచోటే ఉంచుతూ రోడ్డు వేయవచ్చని తేలింది. 2025 అక్టోబరు ఆఖరుకు అడ్డంకి తొలగింది. మీర్జాగూడ ప్రమాదం ఆ తరవాత కొద్ది రోజులకే జరిగింది.

ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. అయిదింట నాలుగు వంతుల చెట్లను ఉంచి నాలుగు వరుసలు వేయడం ఇంజనీరింగ్‌కు 2025లో సాధ్యమైతే, మొదటి నమూనా గీసిన రోజునా సాధ్యమే. ఈ మధ్యలో కొత్త యంత్రం ఏదీ రాలేదు, మలుపుల సూత్రం మారలేదు. చెట్లను లెక్కపెట్టి పటం మీద ఎక్కించడానికి పట్టేది వారాలు. మొయినాబాద్, చేవెళ్ల, ఆలూరు గ్రామసభల్లో మూడు నాలుగు గీతలు గోడకు అంటించి ఏది నయమో అడగడానికి ఇంకొన్ని నెలలు. కోర్టుల్లో గడిచిన ఏళ్ళతో పోలిస్తే ఈ కాలం ఎంత? ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటు, వానొస్తే నీళ్ళు నిలిచే మలుపు, పిల్లలు రోడ్డు దాటే వేళ ఏ డ్రోన్ సర్వేలోనూ ఊరివాళ్ళు చెప్పినంత స్పష్టంగా దొరకవు. ఆలూరు గేటు దగ్గర ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడివాళ్ళకు ముందే తెలుసు.

ఇప్పుడు ఇదే ప్రశ్న ఇంకా పెద్ద ఎత్తున తెలంగాణ ముందుంది. హైదరాబాద్ చుట్టూ ప్రాంతీయ రింగు రోడ్డు వస్తోంది. సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా ఉత్తర భాగమే దాదాపు 160 కిలోమీటర్లు, అంతా పొలాల్లోంచి పోయే కొత్త దారి. భువనగిరి దగ్గర రాయగిరి రైతులు తమ భూములు ఇదివరకే వేరే పనులకు పోయాయని, మళ్ళీ తమ మీదికే గీత ఎందుకొచ్చిందని అడిగారు. 2025లో దక్షిణ భాగం అలైన్‌మెంటును ప్రకటించాక అక్కడి రైతులూ నగరానికి వచ్చి నిలదీశారు. వాళ్ళు అడుగుతున్న మొదటి విషయం పరిహారం కాదు. పరిశీలించిన మిగతా గీతలు ఏవి, వాటిని ఏ లెక్కన పక్కన పెట్టారు, ఒక్కో గీత కింద ఎన్ని కమతాలు, ఎన్ని బోర్లు, ఎన్ని చెట్లు పోతాయి? ఆ పటాలు, ఆ గళ్ళకు వేసిన ఖరీదులు తెలుగులో, మండల కార్యాలయం గోడమీద, 3ఎ నోటిఫికేషన్ కంటే ముందే కనిపించాలి.